మెత్తటి మందు

సెప్టెంబర్ 4, ఆదివారం

ఈ నోట్‌బుక్ తూటాల కోసం కొన్నది. తేదీ, గుండు, మందు పేరు, మందు బరువు, పేలినప్పుడు తుపాకి భుజాన్ని తన్నే తన్ను. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఐదు గళ్ళే. ఇవాళ గళ్ళు దాటి రాస్తున్నాను. చదివేవాళ్ళు ఎవరూ లేరు, అడిగేవాళ్ళూ లేరు.

వెర్లా తుపాకికి మెత్తటి మందు కావాలి. గట్టిగా తన్నని మందు.

వెర్లా నా భార్య. వాళ్ళ నాన్న ఇచ్చిన, కింది లివర్ తిప్పి తూటా ఎక్కించే తుపాకితో నలభై ఒక్క ఏళ్ళుగా, ఏటా అక్టోబర్‌లో సీజన్ మొదలైన రోజే ఒక జింకను కొడుతోంది. ఆ తుపాకికి తూటాలు నేను చేస్తాను, గరాజ్‌లో కూర్చుని. మా కాపురంలో పని పంపకం అలా కుదిరింది. జూలైలో ఆమె పెద్దపేగులో గడ్డ ఉందన్నారు. అప్పటికే కాలేయానికీ పాకింది. మందు ఎక్కించడానికి కుడి భుజం ముందు, ఎముక కింద, చర్మం లోపల పోర్ట్ అమర్చారు. సీసా మూతంత ఉంటుంది. సరిగ్గా తుపాకి మడమ, అంటే వెనక చెక్క, ఆనే చోటే ఉంది.

ఈ ఏడూ కొడతానంటోంది. ఎడమ భుజానికి పెట్టుకో అన్నాను. ఎడమది చిన్నప్పుడు దూడ తన్నిన కన్ను కదయ్యా, దీనికి నువ్వూ జింకా ఒకేలా కనిపిస్తారు, తర్వాత నన్ననకు అంది. పోర్ట్ అటు మార్పించుకుందామంటే ఇంకో కోత వద్దంది. డాక్టరమ్మను అడిగాం. మొదట వద్దేవద్దంది. తర్వాత వెర్లా మొహం చూసి, మందంగా మెత్త కట్టుకుని, తన్ను బాగా తక్కువైతే, ఒకటో రెండో, అదీ నేను చెప్పానని ఎక్కడా అనకండి అంది.

మందు తగ్గిస్తే తన్ను తగ్గుతుంది. మరీ తగ్గిస్తే జింక చావదు, గాయంతో ఎక్కడికో పోయి రెండు రోజులు బాధపడుతుంది. ఈ రెంటి మధ్యా ఎక్కడో ఒక తూకం ఉండాలి. దాన్ని వెతకడం ఒక్కటే ఇప్పుడు ఈ ఇంట్లో నా చేతుల్లో ఉన్న పని.

ఐదో గడి సంగతి కూడా రాసిపెడతాను. తన్ను అనే ఆ గడిలో నా మాట ఉండదు. వెర్లా కాల్చి చెబుతుంది, నేను రాస్తాను. ఎప్పుడూ ఒకటే మాట, ఏమంత లేదు. భుజం కమిలి నల్లబడ్డ ఏడు కూడా ఏమంత లేదు అనే రాసుంది. నాతో ఆమె ఆడే అబద్ధం అదొక్కటే.

సెప్టెంబర్ 6, మంగళవారం

డెల్బర్ట్ తుపాకుల షాపుకు వెళ్ళాను. వాడూ నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. మందు డబ్బాలుండే అల్మరా ఖాళీ. దేశమంతా ఇదే కరువు. మధ్య అరలో వాడి పిల్లి పడుకుని ఉంది. ఏం కావాలిరా ఓరిన్, పిల్లైతే ఇప్పుడే కట్టిచ్చేస్తా అన్నాడు.

రింగుల మందు అడిగాను. చిన్న చిన్న రింగుల్లా, తేలిగ్గా ఉండేది. కొంచెం పోస్తే ఇత్తడి గుల్ల నిండిపోయేది. నొప్పి భుజాలవాళ్ళందరూ అదే వాడేవాళ్ళు. దాన్ని చేయడమే మానేశార్రా, నీకెవరూ ఏమీ చెప్పరేంటి అన్నాడు. మా ఇంట్లో గసగసాల్లాంటి గుండ్రటి మందు ఉంది కదా, దాన్నే తగ్గించి పోస్తే అన్నాను. అది తగ్గిస్తే ఒకసారి అంటుకోదు, ఇంకోసారి తుపాకినే చీల్చుతుంది, నీ పెళ్ళాం మీద కోపముంటే వేరే దారులున్నాయి అన్నాడు. ఆ సంగతి నాకూ తెలుసు. ఎవరైనా కాదంటారేమోనని అడిగాను.

పోనీ ఆమెకో చిన్న తుపాకి కొనిపెట్టరా అన్నాడు. ఇంటికొచ్చి చెప్పాను. మొగుణ్ణి మారుస్తాను గానీ తుపాకిని మార్చను, అతని షాపులో చిన్న మొగుడెవరైనా ఉన్నాడేమో కనుక్కో అంది. తర్వాత వెళ్ళి కక్కుకుంది. నేను బకెట్ పట్టుకుని నిలబడ్డాను.

సెప్టెంబర్ 10, శనివారం

డెల్బర్ట్ వచ్చాడు. నాకు వాడు డెల్. దాణా సంచిలో చుట్టి ఒక డబ్బా తెచ్చాడు. పుల్లల మందు, సన్నటి నల్ల పుల్లలు, వాడి సొంతానిది. ముప్పాతిక డబ్బా ఉంది. ఇది తగ్గించి పోసినా మాట వింటుంది, కానీ పుస్తకంలో రాసిన కనీస తూకం దాటి కిందికి దిగకు అన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. వెర్లాను చూస్తే ఏం మాట్లాడాలో తెలీదురా అని కారెక్కాడు. నాకు మాత్రం తెలిసేడిసిందా.

సెప్టెంబర్ 13, మంగళవారం. బిల్లింగ్స్

ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కాన్ చూపించింది. ఈ మందు పనిచేయడం లేదట. ఇంకోటి ఉంది, గట్టిది, వచ్చే వారం మొదలుపెడదాం అంది. మోతాదు తగ్గించి ఇవ్వొచ్చు కదా అన్నాను. తగ్గిస్తే మీ ఆవిడా తట్టుకుంటుంది, గడ్డా తట్టుకుంటుంది అంది.

నాకు అర్థమైంది. ఆ గదిలో నాకు అర్థమైనంతగా ఇంకెవరికీ అయ్యుండదు.

తిరుగు దారిలో రౌండప్ ఊళ్ళో హోటల్ దగ్గర ఆపమంది. చెర్రీ పండ్ల అప్పం సగం తిని మిగతాది నా వైపు తోసింది. నాకు చెర్రీలు పడవు. తిన్నాను.

సెప్టెంబర్ 17, శనివారం

కంకర గొయ్యికి వెళ్ళాను. కౌంటీకి రోడ్లు చదునుచేసే గ్రేడర్ బండి నడిపినన్నాళ్ళూ ఇక్కడి కంకరే రోడ్ల మీద పరిచాను. ఇప్పుడిక్కడ నేను తప్ప ఎవరూ ఉండరు.

డెల్ ఇచ్చిన మందుతో మూడు తూకాలు చేసుకెళ్ళాను, తూకానికి ఐదు తూటాలు. తన్ను ఎంతో నా భుజానికి తెలియదు. అందుకని బీరు సీసా మూత ఒకటి పోర్ట్ ఉండే చోట ప్లాస్టర్‌తో అంటించుకున్నాను. పైన ఒక మెత్త, ఆ పైన చొక్కా. మొదటి తూకానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండోదానికి పళ్ళు బిగించాను. మూడోది, అన్నిటికంటే తక్కువది, ఎవరో పక్కకు జరగమని తోసినట్టుంది. ఆశ పుట్టింది. ఇలా ఆశ పుట్టి చాలా రోజులైంది.

రేపు, ఎల్లుండి మళ్ళీ వెళ్తాను.

సెప్టెంబర్ 22, గురువారం

చొక్కా మార్చుకుంటుంటే వెర్లా చూసింది. ఏంటి ముసలోడా ఆ గుండ్రాలు, ఎవరి ముద్దులివి అంది. చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. లేచి దగ్గరకొచ్చి, నా ఛాతీ మీద మచ్చలను వేలితో తడిమి, నీ మూత కిందికి పెట్టావయ్యా, నాది ఇంకాస్త పైన ఉంది, ఇదిగో ఇక్కడ అంది. నా చెయ్యి తీసుకుని తన పోర్ట్ మీద పెట్టుకుంది.

మూడు రోజులు తప్పు చోట తన్నించుకున్నాను. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. కొత్త మందు మొన్ననే మొదలైంది.

సెప్టెంబర్ 29, గురువారం, ఉదయం 11

బిల్లింగ్స్ ఆసుపత్రి నుంచి ఫోను. నిన్నటి రక్తపరీక్షలో తెల్లకణాలు పడిపోయాయట. ఉన్నపళంగా తీసుకురమ్మన్నారు. కొలిచే గొట్టంలో తుపాకి మందు పోసి రెండు తూటాలు చేశానో లేదో, అన్నీ అలాగే వదిలేసి వెళ్తున్నాం.

అక్టోబర్ 1, శనివారం

ఆమెను రెండు రోజులు ఉంచుకుని పంపారు. నడిచే వచ్చింది, ట్రక్ నుంచి గుమ్మం దాకా మధ్యలో ఒక్కసారే ఆగి.

గరాజ్‌లోకి వెళ్ళి చూశాను. మందు కొలిచే గొట్టం నిండుగా ఉంది. బల్ల మీద డబ్బా లేదు.

మా నియమం ఏమిటంటే, గొట్టంలో ఏ మందు ఉందో ఆ డబ్బా బల్ల మీదే ఉండాలి. రెండో డబ్బా ఉండకూడదు. గొట్టం ఖాళీ అయ్యాకే డబ్బా అల్మరాకు వెళ్ళాలి. తూటాలు చేసేవాడెవడైనా మొదట నేర్చుకునేది ఇదే. ఫోను మోగిన కంగారులో నా చెయ్యి అలవాటుగా డబ్బాను లోపల పెట్టేసినట్టుంది. అల్మరాలో పుల్లల మందు డబ్బాలు రెండున్నాయి. ఒకటి డెల్ ఇచ్చింది, ఒకటి నా పెద్ద తుపాకిది. పుల్లలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. దీపం కింద పెట్టి చూశాను, భూతద్దంతో చూశాను.

నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు డెల్ ఇచ్చినదే. మిగిలిన ఆ ఒక్క పాలు వెర్లా చెంప పక్కన పేలుతుంది. తెలియని మందు పారబోయాలి. దీనికి బేరం లేదు. పెరట్లో వెర్లా పెంచే రూబార్బ్ మొక్కల మధ్య పారబోశాను. చేసిన రెండు తూటాలూ విప్పి వాటిలోదీ పారబోశాను. డెల్ డబ్బా తూచి చూస్తే అడుగున ఇరవై తూటాలకు సరిపడా మిగిలింది.

ఇక ఇది కూడా రాసేస్తాను. తెలియనప్పుడు పారబోయాలని ఇంత బాగా తెలిసినవాణ్ణి, జూలైలో ఆ నర్సు అడిగినప్పుడు నా నియమం ఎక్కడికి పోయింది.

ఇక్కడ పోర్ట్ పెట్టేముందు అడుగుతారు, ఏ భుజానికి తుపాకి పెడతారని. ఈ ఊళ్ళలో అది రక్తం గ్రూపు అడిగినంత మామూలు. వెర్లాను బట్టలు మార్పించడానికి లోపలికి తీసుకెళ్ళారు. నర్సు కాగితం పట్టుకుని నా దగ్గరకొచ్చింది. మీ ఆవిడ ఏ వైపు కాలుస్తారండీ అంది. అప్పటికి రెండు రోజులుగా నాకు నిద్ర లేదు. ఎడమచేతి వాటం అన్నాను. నిజమే. రాసేది ఎడమ, గరిటె ఎడమ, నన్ను మొట్టేదీ ఎడమే. తుపాకి ఒక్కటే కుడి, ఆ కన్ను వల్ల. నలభై ఒక్క ఏళ్ళు పక్కన కూర్చుని చూశాను. ఉండమ్మా, అడిగి చెబుతాను అంటే పోయేది. ఎడమ అన్నాను. కాల్చే వైపు వదిలెయ్యాలని వాళ్ళు కుడివైపు పెట్టారు.

వెర్లాకు తెలియదు. ఎటు వీలైతే అటు పెట్టారనుకుంటోంది. ఆమె వాళ్ళను తిడుతుంటే నేను తలూపుతున్నాను. సిగ్గుగా ఉంది.

అక్టోబర్ 8, శనివారం

పాత పేపర్లు నీళ్ళలో నానబెట్టి కట్టలు కట్టాను. గుండు ఎంత లోతుకు దిగుతుందో చూడాలి. చప్పిడి ముక్కు గుండే. ఈ తుపాకిలో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి బారుగా ఉంటాయి, మొన ఉన్న గుండు పెడితే ముందున్న తూటాను పొడిచి లోపలే పేలుస్తుంది.

అరవై అంగల నుంచి చాలడం లేదు. ముప్ఫై అంగల నుంచి బాగా దిగింది. అంటే జింక ముప్ఫై అంగల్లోకి రావాలి. వెర్లాతో చెప్పాను. దానికి ఫోను చేసి రమ్మంటావా, నేను మాట్లాడనా అంది.

ఇవాళ తనే ఒకటి కాల్చింది. రెండు మెత్తలు కట్టాను. కాల్చాక కాసేపు కళ్ళు మూసుకుంది. ఐదో గడిలో ఏం రాయను అని అడిగాను. ఏమంత లేదు అంది. రాశాను.

ఇంటికొచ్చాక కాఫీ కప్పు జారి పగిలింది. పట్టుకున్నాననే అనుకున్నానయ్యా అంది. చలికి అనుకున్నాను.

అక్టోబర్ 15, శనివారం

వెర్లా చొక్కా గుండీలు ఇవాళ నేను పెట్టాను.

అక్టోబర్ 21, శుక్రవారం

డెల్ డబ్బా ఖాళీ అయింది. పదిహేను తూటాలు చేశాను, ప్రతిదీ రెండుసార్లు తూచి. మూడు చాలు, మిగతావి నీ ఛాతీ మీద అంటించుకో అంది.

అక్టోబర్ 22, శనివారం, మధ్యాహ్నం 2

సీజన్ మొదటి రోజు. రాసేస్తే గానీ తిండి దిగదు.

తెల్లవారే సరికి పక్కవాళ్ళ అల్ఫాల్ఫా పశుగ్రాసం చేలో, చుట్టి కట్టిన గడ్డి బేళ్ళ వెనక కూర్చున్నాం. మడత కుర్చీ వేశాను, రెండు దుప్పట్లు కప్పాను. నేల మీద పల్చగా మంచు. బేలు నుంచి ముప్ఫై అంగలు నిన్ననే కొలిచి అక్కడొక పుల్ల పాతాను.  వెర్లా మొహం కళగా ఉంది, జూలై తర్వాత మొదటిసారి.

ఏడున్నరకు జింక వచ్చింది. మగది, చెవులు పెద్దవి, కొమ్ములు మామూలువి. మేస్తూ మేస్తూ పుల్ల దాటి ఇటే వచ్చింది. ఇరవై ఎనిమిది అంగలు. పక్కకు తిరిగి నిలబడింది. ఆరు వారాలుగా నేను ఎవరిని అడుగుతున్నానో వాళ్ళు విన్నారనుకున్నాను.

వెర్లా తుపాకి ఎత్తింది. మడమ మెత్తకు ఆనించింది. తుపాకి వెనక ఉండే సుత్తిని వెనక్కి లాగడానికి రెండు చేతులూ వాడింది, అయినా చప్పుడు కాలేదు. చూపు కుదిరింది. ఊపిరి వదిలింది. నేను నా ఊపిరి బిగపట్టాను.

ఏమీ కాలేదు.

జింక తల ఎత్తింది, దించింది. రెండడుగులు వేసింది, మళ్ళీ ఆగింది. వెర్లా అలాగే ఉంది. నేను ఆమె చెయ్యి వైపు చూశాను. వేలు ట్రిగ్గర్ మీద లేదు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మిని నొక్కుతోంది, గట్టిగా, గోరు తెల్లబడేలా. చెబితే జింక పోతుంది. చెప్పకపోతే కూడా పోతుంది. చెప్పలేదు. అది మేసుకుంటూ వాగు వైపు దిగిపోయింది.

సుత్తి దించి తుపాకి ఒళ్ళో పెట్టుకుంది. నొక్కుతూనే ఉన్నానయ్యా, దేన్ని నొక్కుతున్నానో తెలియలేదు అంది.

ఆరు వారాలు భుజం గురించే చూశాను. వేళ్ళు మొద్దుబారతాయని కొత్త మందు కాగితంలో రాసే ఉంది. చదివాను కూడా. కప్పు పగిలింది, గుండీలు పెట్టాను, అయినా నా బుర్ర భుజం దగ్గరే కూర్చుంది. ఎందుకంటే భుజం నా తప్పు.

ట్రక్కులో హీటర్ వేసి ఆమె చేతులు దాని ముందు పెట్టాను. అప్పుడు చెప్పేశాను. నర్సు సంగతి, ఎడమ అన్న సంగతి, అన్నీ. రోడ్డు వైపు చూస్తూ చెప్పాను. వెర్లా హీటర్ ముందు చేతులు తిప్పి పెట్టుకుంది. తర్వాత, నన్నూ అడిగారయ్యా లోపల, నేనూ ఎడమే అన్నాను, తుపాకి చేతిలో లేనప్పుడు నేను ఎడమదాన్నే కదా, నాకే తట్టలేదు నీకేం తడుతుంది, ఇక పద, ఆకలేస్తోంది అంది.

రెండు గుడ్లు చేసిపెట్టాను. ఒకటి తిని పడుకుంది.

లోపల నిజంగా అడిగారా. ఒకే ప్రశ్న ఇద్దర్ని అడుగుతారా. ఆమె నాతో ఆడే అబద్ధం ఒక్కటే అని సెప్టెంబర్‌లో రాశాను. ఆ వాక్యం కొట్టేయాలో ఉంచాలో తెలియడం లేదు. ఆమెను మళ్ళీ అడిగే ధైర్యం నాకు లేదు.

అక్టోబర్ 25, మంగళవారం. బిల్లింగ్స్

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. అప్పుడే తెలిసింది. ఇక మందు ఆపేద్దాం అంది. ఇంకో మందు లేదా అన్నాను. అల్మరా ఖాళీ అని ఆమె అనలేదు. ఏదో మంచి మాటే అంది.

వెర్లా రౌండప్‌లో ఆపమనలేదు.

నవంబర్ 9, బుధవారం

సీజన్ ఇంకా ఉంది కదా అంది వెర్లా ఇవాళ. ఈ వేళ్ళకు మళ్ళీ అఆలు దిద్దించాలి, ఇంట్లోనే లివర్ తిప్పుకుంటాను, ట్రిగ్గర్ వెతుక్కుంటాను, నాకు మందు లేని తూటాలు ఐదు చేసిపెట్టు అంది. రేపు చేస్తానన్నాను.

నవంబర్ 16, బుధవారం

చేయలేదు. రోజూ గరాజ్‌లోకి వెళ్ళి కూర్చుని వస్తున్నాను. ఏమైందయ్యా, మందు దొరకలేదా అని లోపలి నుంచి అరిచింది. నవ్వింది కూడా.

నవంబర్ 24, గురువారం

థాంక్స్‌గివింగ్ పండుగ. డెల్బర్ట్ టర్కీ కోడి తెచ్చాడు, ఈసారి లోపలికి వచ్చాడు. పిల్లి బాగుందా అని వెర్లా అడిగింది. అమ్ముడుపోలేదు అన్నాడు. ముగ్గురం నవ్వాం. వెర్లా బంగాళాదుంప రెండు చెంచాలు తింది. మంచాన్ని కిటికీ దగ్గరికి జరపడానికి డెల్ ఒక వైపు పట్టాడు.

నవంబర్ 27, ఆదివారం. సీజన్ ఆఖరి రోజు

గుండు: చప్పిడి ముక్కు, ఎప్పటిదే.

మందు పేరు: లేదు.

మందు బరువు: సున్నా. రెండుసార్లు చూశాను.

నిప్పంటించే ప్రైమర్ కూడా లేదు. ఇత్తడికి పక్కన బెజ్జం పెట్టాను, ఎవరూ నిజం తూటా అనుకోకుండా. ఐదు చేశాను. దిండుకు ఆనుకుని ఐదూ తిప్పింది, కిటికీలోంచి చేను వైపు. లివర్ నేను కూడా పట్టుకున్నాను. ఐదోసారి ట్రిగ్గర్ వేలికి తగిలిందయ్యా అంది.

తన్ను: ఏమంత లేదు.